మీకు తెలుసా? ఆగిన నరం వేరు, తెగిన నరం వేరు

మన ఒంట్లోకెల్లా లావైన నరం పిరుదు కండ కింద ఉంది. మొదలు దగ్గర దాని వెడల్పు దాదాపు 2 సెంటీమీటర్లు. నడుము కింది భాగంలో వెన్ను నుంచి ఐదు వేర్లుగా బయలుదేరి, తుంటి లోపల ఒక్కటై, తొడ వెనక నుంచి దిగి, మోకాలి గుంటకు కాస్త పైన రెండు పాయలవుతుంది. డాక్టర్లు సయాటిక్ నరం అంటారు, ఇక్కడ తుంటి నరం అనుకుందాం. మోకాలికి దిగువన కాలిని, పాదాన్ని కదిలించేది పూర్తిగా ఇదే. పిక్క లోపలి అంచున ఒక పట్టీని వదిలేస్తే అక్కడి స్పర్శ కూడా దీనిదే.

ఈసారి ముక్కలన్నీ ఈ ఒక్క నరం చుట్టూనే. కర్ణాటకలోని చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాలను దగ్గర పెట్టుకుని రాయడానికి కారణముంది. లోతు బోర్ల నీళ్ళు, జ్వరం రాగానే పిరుదుకు పడే సూది, పొద్దు పొడిచింది మొదలు మడిలో గొంతుక్కూర్చుని చేసే పని. ఈ మూడూ తుంటి నరానికి మూడు వేర్వేరు చోట్ల అపకారం చేయగలవు. ఇంట్లో తెలుగు, ఆఫీసులో కన్నడం మాట్లాడే ఆ సరిహద్దు సీమలో మూడూ ఒకే కుటుంబంలో కనబడినా ఆశ్చర్యం లేదు.

1850లో రెండు కప్పలు

నరంలో కబురు ఎంత వేగంగా పోతుందో కొలవడం ఎప్పటికీ సాధ్యపడదేమోనని జర్మనీలో పేరుమోసిన శరీరశాస్త్రజ్ఞుడు యోహానెస్ ముల్లర్ అనుకున్నాడు. ఆయన శిష్యుడు హెర్మన్ హెల్మ్‌హోల్ట్స్ 1850లో ఆ లెక్క తేల్చేశాడు. కప్ప తుంటి నరాన్ని, దానికి అంటుకున్న పిక్క కండను తీసుకుని, నరానికి కండ దగ్గర ఒకసారి, దూరంగా ఒకసారి విద్యుత్తు తగిలించాడు. రెండోసారి కండ ముడుచుకోవడం రవ్వంత ఆలస్యమైంది. ఆ ఆలస్యం నుంచి వచ్చిన వేగం సెకనుకు దాదాపు 27 మీటర్లు.

మనిషి కాలి నరాల్లో వేగమైన పోగులు సెకనుకు 40 నుంచి 60 మీటర్లు పోతాయి. అంటే గంటకు 144 నుంచి 216 కిలోమీటర్లు. బాగేపల్లి మీదుగా హైదరాబాదుకు పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద ఏ బస్సూ అంత వేగం పోకూడదు. అయితే అన్ని పోగులూ ఇలా పరుగెత్తవు. మంటను, మందమైన నొప్పిని మోసే సన్నపోగులు సెకనుకు ఒక మీటరు అటూ ఇటూ నడుస్తాయి. కాలి వేలికి రాయి తగిలినప్పుడు ముందు 'చురుక్' మని, ఒక క్షణం ఆగి అసలు మంట రావడం అందుకే. ఆ క్షణంలో కబురు ఇంకా దారిలోనే ఉంది.

అదే 1850లో లండన్‌లో అగస్టస్ వాలర్ అనే వైద్యుడు ఇంకో కప్పను పట్టుకున్నాడు. దాని నాలుకకు పోయే నరాన్ని కోసి, రోజుల తరబడి సూక్ష్మదర్శిని కింద చూశాడు. కోసిన చోటికి పైనున్న ముక్క బాగానే ఉంది. కింది ముక్క మాత్రం చచ్చిపోయింది, అదీ వెంటనే కాదు, కొన్ని రోజులు పట్టింది.

ఈ చిన్న విషయాన్ని గుర్తు పెట్టుకోండి. నూటడెబ్బై ఏళ్ళ తర్వాత కూడా మన రిపోర్టుల్లో గందరగోళం దీని దగ్గరే పుడుతోంది.

పైకి రెండూ ఒకటే

రెండో ప్రపంచ యుద్ధంలో గుండ్లు, పెంకులు తగిలి నరాలు దెబ్బతిన్న సైనికులు కుప్పలుగా వచ్చారు. వాళ్ళను చూసిన ఆక్స్‌ఫర్డ్ ఎముకల సర్జన్ హెర్బర్ట్ సెడ్డన్ 1943లో నరాల దెబ్బను మూడు తరగతులు చేశాడు. మొదటి రకంలో నరం ఎక్కడా తెగదు. లోపలి పోగులు బతికే ఉంటాయి, నలిగిన చోట మాత్రం కబురు దాటదు. రెండో రకంలో లోపలి పోగు తెగుతుంది, చుట్టూ ఉన్న గొట్టం మిగులుతుంది. మూడో రకంలో గొట్టంతో సహా తెగిపోతుంది. మొదటిది రోజుల్లోనో వారాల్లోనో తిరిగొస్తుంది. రెండోదానిలో పోగు మళ్ళీ మొలిచి పాక్కుంటూ పోవాలి. మూడోదానికి కుట్టు పడాలి.

బోరు ఆగిపోయినప్పుడు స్టార్టర్ ట్రిప్పయిందో, లోపల కేబులు కాలిందో గట్టు మీద నిలబడితే తెలియదు. నీళ్ళు రావు, అంతే. కాలి సంగతీ ఇంతే. పాదం లేవకపోవడం, మొద్దుబారడం మూడు రకాల్లోనూ ఒకేలా ఉంటాయి. తేడా తేల్చేది నరాల పరీక్ష. అందరూ ఎన్‌సీవీ అనే ఆ పరీక్ష మన హెల్మ్‌హోల్ట్స్ పనే, కప్ప ఒక్కటే మారింది. నరాన్ని దెబ్బకు కింద ఒకసారి, పైన ఒకసారి విద్యుత్తుతో తట్టి, కండ జవాబు చూస్తారు. కింద తడితే కండ బాగా ముడుచుకుని, పైన తడితే ముడుచుకోకపోతే, నరం ఆగింది కానీ చావలేదని అర్థం.

ఇక్కడే వాలర్ కప్ప అడ్డం వస్తుంది. నరం పూర్తిగా తెగినా దాని కింది ముక్క కొన్ని రోజులు బతికే ఉంటుంది కదా. రెండో రోజు పరీక్ష చేస్తే తెగిన నరం కూడా కింద తట్టినప్పుడు ఎంచక్కా జవాబిస్తుంది. కండను కదిలించే పోగులు ఆరిపోవడానికి దాదాపు వారం, స్పర్శ పోగులకు పదీ పదకొండు రోజులు పడుతుంది. కండలో సూది పెట్టి చూసే ఈఎంజీలో దెబ్బ గుర్తులు స్పష్టంగా కనబడాలంటే మూడు వారాలు ఆగాలి. చింతామణి నుంచి సుమారు 75 కిలోమీటర్లు కారు కట్టించుకుని మర్నాడే బెంగళూరులోని నిమ్‌హాన్స్ ఆసుపత్రికి పరుగెత్తేవాళ్ళ ఆత్రం అర్థమవుతుంది. డాక్టరును కలవాల్సిందే, ఆలస్యం చేయకూడని కారణాలు వేరే ఉండొచ్చు. కానీ 'మూడు వారాల తర్వాత పరీక్షకు రండి' అని వెనక్కి పంపితే అది నిర్లక్ష్యం కాదు. ముందే చేసిన రిపోర్టు 'నరం తెగలేదు' అని అబద్ధం చెప్పే ప్రమాదముంది.

తెగిన పోగు మళ్ళీ పెరిగే వేగం రోజుకు దాదాపు ఒక మిల్లీమీటరు. పిరుదు నుంచి పాదం దాకా లెక్క కట్టుకోండి, రెండేళ్ళు దాటుతుంది. ఈలోగా నరం అందని కండ చిక్కిపోయి, ఏడాదిన్నర దాటాక కొత్త పోగు చేరినా దాన్ని అందుకునే శక్తి పోగొట్టుకుంటుంది. అదే దెబ్బ మోకాలి దగ్గర తగిలితే కథ వేరు, ప్రయాణం పొట్టిది.

గొంతుక్కూర్చుంటే పాదం ఎందుకు పడిపోతుంది?

మోకాలికి బయటివైపు, కాస్త కిందుగా తడమండి. ఒక ఎముక బుడిపె తగులుతుంది. దాని మెడ చుట్టూ, చర్మం కిందే, తుంటి నరంలోని బయటి పాయ మలుపు తిరుగుతుంది. పాదాన్ని పైకెత్తేది ఆ పాయే. మన కాలిలో ఇంత రక్షణ లేని చోట ఇంత ముఖ్యమైన నరం ఇంకోటి లేదు.

వేరుశనగ కలుపు తీసేటప్పుడు, టమాటా నారు నాటేటప్పుడు, పూల మడుల్లో మోకాళ్ళు పూర్తిగా మడిచి గంటల తరబడి కూర్చుంటే ఆ పాయ ఎముకకు, బిగిసిన కండరానికి మధ్య నలుగుతుంది. సాయంత్రం లేచేసరికి పాదం వేలాడుతుంది. చెప్పు జారిపోతుంది, గడప దాటబోతే బొటనవేలు తగులుతుంది, అడుగు ఎత్తెత్తి వేయాల్సి వస్తుంది. పశ్చిమ దేశాల వైద్య పుస్తకాల్లో దీనికి స్ట్రాబెరీ కోసేవాళ్ళ పక్షవాతమని పేరు. స్ట్రాబెరీకి దక్కిన గౌరవం మన వేరుశనగకు దక్కలేదు కానీ, నరానికి పంట తేడా తెలియదు.

చాలామందిలో ఇది సెడ్డన్ చెప్పిన మొదటి రకం. కొన్ని వారాల్లో, మహా అయితే రెండు మూడు నెలల్లో తగ్గిపోతుంది. అలా తగ్గిందాన్ని చూసి పసరు వేసినవాళ్ళకు, తాయెత్తు కట్టినవాళ్ళకు మంచి పేరొచ్చిన సందర్భాలు తక్కువుండవు. ఒంట్లో కొవ్వు బాగా తగ్గినవాళ్ళకు ఆ బుడిపె దగ్గర మెత్తదనం ఉండదు. షుగరు ఉన్నవాళ్ళ నరం ముందే బలహీనం. వాళ్ళకు ఇది తేలిగ్గా వస్తుంది. పిండికట్టైనా నాటు కట్టైనా మోకాలి కింద బిగిస్తే ఇదే జరుగుతుంది. కట్టు వేసినాక వేళ్ళు పైకి లేస్తున్నాయా లేదా అన్నది ఆ రాత్రే చూసుకోవాల్సిన సంగతి.

నడుము దగ్గర డిస్కు జారినా పాదం ఇలాగే వేలాడవచ్చు. డాక్టరు ఒక చిన్న తేడా చూస్తారు: పాదాన్ని లోపలివైపుకు తిప్పమంటారు. బలంగా తిప్పగలిగితే తప్పు మోకాలి దగ్గర ఉండే అవకాశం ఎక్కువ. అదీ బలహీనపడితే నడుము వైపు చూడాలి. రూపాయి ఖర్చులేని ఈ పరీక్షతో ఎన్నో స్కానింగులు మిగులుతాయి.

మామూలుగా కాలు తిమ్మిరెక్కడం దీని తమ్ముడే. పాదానికి రక్తం ఆడక తిమ్మిరి వస్తుందని అందరం అనుకుంటాం. బ్రిటన్‌లో థామస్ లూయిస్ బృందం 1931లో చేతికి బీపీ పట్టీ బిగించి చూస్తే, తిమ్మిరికి కారణం పట్టీ కింద నలిగిన నరానికే రక్తం అందకపోవడమని తేలింది. వదలగానే నిమిషాల్లో పోతుంది. గంటలకొద్దీ బిగిస్తే కారణమే మారిపోతుంది. నరం పోగు మీద పొర మధ్య మధ్య రాన్వియర్ కణుపులుంటాయి, కబురు ఒక కణుపు నుంచి ఇంకో కణుపుకు దూకుతూ పోతుంది. 1972లో ఒచోవా, ఫౌలర్, గిలియట్ బబూన్ కోతుల కాళ్ళకు పట్టీ బిగించి చూసినప్పుడు ఆ కణుపులు పక్కకు జరిగిపోయి కనిపించాయి. వింత ఏమిటంటే పట్టీ నడిమధ్యన కాదు, రెండు అంచుల దగ్గర. వారాలు పట్టేది ఈ పొర మరమ్మతుకే.

సూది ఎక్కడ గుచ్చారు?

జ్వరం వస్తే సూది వేయించుకోకుండా ఇంటికి రావడం చాలామందికి తృప్తినివ్వదు. మన దేశంలో ఏటా 300 కోట్ల సూదులు పడతాయని, అందులో సగానికి పైగా సురక్షితం కావని 2000 దశకంలో దేశవ్యాప్తంగా జరిగిన ఇన్‌క్లెన్ అధ్యయనం అంచనా వేసింది. పిరుదును నాలుగు భాగాలుగా ఊహించుకుంటే సూదికి చోటు పైన బయటివైపు భాగమొక్కటే. లోపలికి జరిగినా, కిందికి దిగినా అక్కడ తుంటి నరం కాచుకుని ఉంటుంది. బక్కపలుచని పిల్లల్లో కండ తక్కువ, నరం సూదికి మరీ దగ్గర. అందుకే పసిపిల్లల టీకాలు తొడ ముందువైపు, బయటి అంచుకు వేస్తారు.

సూది దిగగానే పాదం దాకా కరెంటు కొట్టినట్టు 'జిల్లు' మంటే అది కేక వేయాల్సిన క్షణం. మందు లోపలికి పోకముందే సూది వెనక్కి తీస్తే చాలావరకు గండం గడుస్తుంది. నరం మీద గుచ్చుకున్న సూది కన్నా పోగుల మధ్యలోకి ఎక్కిన మందు చేసే చెరుపే ఎక్కువ. నొప్పికి వేసే డైక్లోఫెనాక్, పెన్సిలిన్, క్వినైన్, ఇలా నరాన్ని కాల్చగల మందుల జాబితా చిన్నది కాదు.

విచిత్రంగా, పిరుదు దగ్గర సూది తగిలినా పడిపోయేది ఎక్కువగా పాదాన్ని ఎత్తే బయటి పాయే. తుంటి నరంలో రెండు పాయలూ పై నుంచే విడివిడిగా ఒకే తొడుగులో ఉంటాయి. బయటి పాయ అంచున ఉంటుంది, దాని చుట్టూ మెత్తని కణజాలం తక్కువ.

ఈ సూది దెబ్బను ప్రభుత్వం కూడా లెక్కపెడుతుందని చాలామందికి తెలియదు. 15 ఏళ్ళలోపు పిల్లల్లో ఎవరికైనా ఉన్నట్టుండి కాలో చెయ్యో చచ్చుబడితే పోలియో నిఘా వ్యవస్థకు తెలపాలి. 24 గంటల తేడాతో రెండు మల నమూనాలు, అదీ జబ్బు మొదలైన 14 రోజుల్లోపు. 2014 మార్చి 27న మన దేశమున్న ఆగ్నేయాసియా ప్రాంతం పోలియో లేనిదని ప్రకటించినా ఈ నిఘా ఆగలేదు. అందులో పోలియో కాదని తేలేవాటిలో ఒక ముఖ్యమైన పద్దు సూది వల్ల వచ్చిన నరాల దెబ్బ. తేడా కనిపెట్టడం కష్టం కాదు: పోలియోలో స్పర్శ పోదు, సూది దెబ్బలో పోతుంది. సూది దెబ్బలో మోకాలి చిప్ప కింద సుత్తితో తడితే కాలు ఎగురుతుంది, మడమ వెనక తడితే స్పందన ఉండదు.

ఇంకో చీకటి సంబంధమూ ఉంది. ఒంట్లో పోలియో వైరస్ తిరుగుతున్న బిడ్డకు సూది వేస్తే, ఆ సూది పడిన కాలికే పక్షవాతం వచ్చే అవకాశం పెరుగుతుందని 1950లో బ్రిటన్, ఆస్ట్రేలియా వైద్యులు చూపించారు. 'సూది వేశాకే కాలు పోయింది' అన్న తల్లుల మాటను ఎన్నో ఏళ్ళు డాక్టర్లు కొట్టిపారేశారు. తల్లులు పూర్తిగా తప్పు కాదు.

నరం ఇక రాదని తేలితే దారి మూసుకుపోదు. కుష్ఠు జబ్బు కూడా మోకాలి పక్కన, పాదాన్ని ఎత్తే ఇదే బయటి పాయను ఉబ్బించి చంపుతుంది. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పాల్ బ్రాండ్, ఆయన సహచరులు 1940ల చివరి నుంచి కుష్ఠు రోగుల చేతులకు, కాళ్ళకు కండర మార్పిడి చేస్తూ వచ్చారు. పాదాన్ని లోపలికి తిప్పే కండరం ఇంకో పాయది కాబట్టి బతికే ఉంటుంది. దాని స్నాయువును ముందుకు తెచ్చి పాదం పైన కుడితే అదే పాదాన్ని ఎత్తడం నేర్చుకుంటుంది. కుష్ఠుకైనా సూది దెబ్బకైనా ఈ శస్త్రచికిత్స ఒక్కటే.

నీళ్ళు నరందాకా ఎలా వస్తాయి?

నంది కొండల చుట్టుపక్కల పుట్టే పెన్న, చిత్రావతి, పాపఘ్ని పేర్లు ఆంధ్ర జిల్లాల్లో బాగా వినిపిస్తాయి. పుట్టినచోట మాత్రం ఏడాది పొడుగునా పారే నది లేదు. కోలారు నుంచి విడిపోయి 2007లో ఏర్పడిన చిక్కబళ్ళాపురం జిల్లా చెరువులు ఎండాక బోర్ల మీద పడింది. బోర్లు వెయ్యి అడుగులు దాటాయి. అడుగున ఉన్నది గ్రానైటు, నైస్ రాయి. వాటిలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీటిలోకి కరుగుతుంది. నీరు రాతిలో ఎంతకాలం నిలిస్తే అంత ఎక్కువ. బాగేపల్లి, గుడిబండ, చింతామణి వైపు బోర్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటడం కొత్త విషయం కాదు. మన ప్రమాణాల ప్రకారం 1 మిల్లీగ్రాము దాకా మంచిది, ఇంకో దిక్కు లేకపోతే 1.5 దాకా ఓర్చుకోవచ్చు.

మన దేశంలో ఈ జబ్బును తొలిసారి వైద్య పత్రికకెక్కించింది తెలుగు పల్లెలే. 1937లో షార్ట్, ఆయన సహచరులు అప్పటి నెల్లూరు జిల్లా రోగులను వర్ణించారు. కొన్నేళ్ళు, చాలాసార్లు పదీ ఇరవై ఏళ్ళు, ఫ్లోరైడ్ నీళ్ళు తాగితే ఎముకలు గట్టిపడతాయి. గట్టిపడటమంటే బలపడటం కాదు. పూసలను కట్టి ఉంచే బంధనాలు కూడా ఎముకలుగా మారతాయి, వెన్ను గొట్టం ఇరుకవుతుంది, నరాల వేర్లు బయటికొచ్చే కిటికీలు మూసుకుపోతాయి. హైదరాబాదు న్యూరోసర్జన్ డి. రాజారెడ్డి నల్లగొండ రోగుల వెన్నెముకల మీద ఏళ్ళ తరబడి చేసిన పని ఇదే. మెడ దగ్గర నొక్కుడు ఎక్కువ ప్రమాదం. నడుము దగ్గర నొక్కితే తుంటి నరం వేర్లకే ఉరి పడుతుంది. కొంతదూరం నడవగానే కాళ్ళు బరువెక్కి, వంగి కూర్చుంటే తేలికపడే నొప్పి దాని గుర్తు.

నడుము నుంచి పాదానికి పాకే ప్రతి నొప్పినీ నీళ్ళ మీదికి నెట్టకూడదు. డిస్కు జారడమే అసలు కారణమని 1934లో బోస్టన్‌లో మిక్స్‌టర్, బార్ చూపించారు, ఇప్పటికీ ఎక్కువమందిలో అదే. ఫ్లోరైడ్ అనుమానం వస్తే నడుముతోపాటు ముంజేతికి ఎక్స్‌రే తీయించడం తెలివైన పని. అక్కడి రెండు ఎముకల మధ్య పొర ఎముకగా మారి గడ్డిపరకల్లా కనబడితే ఇక సందేహం అక్కర్లేదు.

పళ్ళ మీద గోధుమరంగు చారలు లేవు కాబట్టి ఫ్లోరైడ్ లేదనుకోవడం పెద్ద పొరపాటు. ఆ చారలు పళ్ళు తయారయ్యే వయసులో, అంటే దాదాపు ఎనిమిదేళ్ళలోపు తాగిన నీటి వల్లే వస్తాయి. మంచి నీళ్ళ ఊరి నుంచి బాగేపల్లి పల్లెకు కోడలిగా వచ్చిన ఆమె పళ్ళు ముత్యాల్లా ఉంటాయి. ఎముకల లెక్క మాత్రం ఆమె వచ్చిన రోజు నుంచే మొదలవుతుంది.

నీళ్ళు కాస్తే ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. పటిక, సున్నం కలిపి తేర్చే నల్లగొండ పద్ధతిని నాగపూర్ నీరీ సంస్థ 1970ల్లో తయారుచేసింది. ఇప్పుడు ఊరూరా నాణెం వేస్తే క్యాను నింపే ఫిల్టర్ నీళ్ళ గదులున్నాయి, ఆ యంత్రాలు సరిగ్గా నడిస్తే ఫ్లోరైడ్‌ను బాగానే తీస్తాయి. నాకు కనబడే లొసుగు వంటింట్లో ఉంది. క్యాను నీళ్ళు చెంబులోకి పోతాయి, ముద్ద కెలికేది, పప్పు ఉడికేది, టీ కాచేది చాలా ఇళ్ళలో కొళాయి నీళ్ళతోనే. ఆ ముద్ద రాగిది కావడం కొంత నయం. రాగుల్లో కాల్షియం పుష్కలం, కాల్షియం పేగులో ఫ్లోరైడ్‌ను కొంత పట్టి ఉంచుతుంది.

ఆగలేదు, తెగలేదు, అయినా కదలదు

నాగుపాము, కట్లపాము విషం నరాన్ని ఆపదు. నరం కొస, కండరం కలిసే చోట తలుపు మూస్తుంది. కబురు చివరిదాకా వస్తుంది, కండకు అందదు. స్పర్శ పోదు, తెలివి పోదు. రెప్పలు వాలి, ఊపిరి కండలు ఆగిపోయిన మనిషి చుట్టూ ఏడుస్తున్నవాళ్ళ మాటలు వింటూనే ఉండొచ్చు. శ్వాస యంత్రం పెడితే బతకగలడు.

కావాలని ఆపడం

1898లో జర్మనీలోని కీల్‌లో అగస్ట్ బియర్ అనే సర్జన్ తన సహాయకుడు హిల్డెబ్రాంట్ నడుములోకి కొకైన్ ఎక్కించాడు. తర్వాత అతని కాలి ముందెముక మీద ఇనప సుత్తితో కొట్టాడు, వెలుగుతున్న చుట్టతో కాల్చాడు. నొప్పి లేదు. ఇద్దరూ సంతోషంగా వైను తాగారు. మర్నాడు కాలు వాచి కమిలింది, ఇద్దరికీ భరించలేని తలనొప్పి. ఇప్పుడు సిజేరియన్‌కు ఇచ్చే నడుం సూది పుట్టుక ఇది. దానికి 14 ఏళ్ళ ముందే, 1884లో, వియన్నాలో కార్ల్ కోలర్ కంటికి కొకైన్ చుక్కలు వేసి మొద్దుబార్చాడు.

అదే రోజుల్లో మన హైదరాబాదు పూర్తిగా నిద్రపుచ్చే పద్ధతి మీద ప్రపంచంతో వాదించింది. క్లోరోఫాం ముందు ఊపిరిని ఆపుతుందా, గుండెనా అని తేల్చడానికి అక్కడి వైద్య పాఠశాల నడిపిన ఎడ్వర్డ్ లారీ 1888లో, 1889లో నిజాం డబ్బుతో రెండు కమిషన్లు నడిపాడు. ఊపిరే అన్నాడు. 1911లో గుడ్‌మన్ లెవీ అనే వైద్యుడు పిల్లుల మీద పని చేసి, గుండె కూడా ఉన్నట్టుండి ఆగగలదని చూపించాడు. లారీ వైద్య పాఠశాలలో చదివి మత్తు ఇవ్వడం నేర్చిన రూపా బాయి ఫర్దూన్‌జీని ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యురాలిగా చెబుతారు.

ఇప్పుడు ఎక్కువగా వాడే లిగ్నోకైన్‌ను స్వీడన్‌లో లోఫ్‌గ్రెన్ తయారుచేశాడు, సెడ్డన్ నరాల దెబ్బను మూడు తరగతులు చేసిన 1943లోనే. మందు పోగు పొరలోని సోడియం దారులను లోపలివైపు నుంచి మూస్తుంది. వరసగా మూడు కణుపులు మూసుకుంటే కబురు దూకలేదు. మందు కరిగిపోగానే దారులు తెరుచుకుంటాయి, పోగుకు ఏమీ కాదు. సెడ్డన్ మొదటి రకానికి ఇంతకన్నా శుభ్రమైన నమూనా దొరకదు.

షుగరు వల్ల కుళ్ళిన పాదానికి ఆపరేషన్ చేయాలంటే, గుండె బలహీనంగా ఉన్న మనిషిని నిద్రపుచ్చకుండా మోకాలి వెనక తుంటి నరం రెండు పాయలయ్యే చోట మందు వేస్తే చాలు. అల్ట్రాసౌండ్ తెరలో నరాన్ని చూస్తూ, పోగుల్లోకి పోకుండా చుట్టూ వేస్తారు. పాదం లోపలి అంచుకు మాత్రం ఇంకో సూది కావాలి, అది వేరే నరం సొత్తు. పాదం వెచ్చబడటం మందు పారుతోందనడానికి తొలి గుర్తు, రక్తనాళాలను బిగబట్టే సన్నపోగులు ముందు ఆగుతాయి కాబట్టి. ఆ తర్వాత నొప్పి, చలి, వేడి. తాకినట్టు తెలియడం, కదలిక చివరికి పోతాయి. 'ముట్టుకుంటున్నది తెలుస్తోంది డాక్టర్, మత్తు ఎక్కలేదు' అని రోగి గాభరా పడటం మామూలే. ముట్టుకోవడం తెలిసినా కోత తెలియదు. బుపివాకైన్‌తో వేస్తే ఈ మత్తు 12 నుంచి 24 గంటలు ఉంటుంది. ఆ రాత్రి బాత్రూముకు లేచి ఆ కాలి మీద బరువు వేస్తే పడతారు, నొప్పి లేదు కదా అని మోసపోవద్దు.

నడుం సూది వల్ల జీవితాంతం నడుం నొప్పి అన్న మాట ఊళ్ళో గట్టిగా నాటుకుంది. ఆ సూది వెన్నుపాము ముగిసిన చోటికి కింద దిగుతుంది. కాన్పుకు నడుములో మత్తు వేయించుకున్న ఆడవాళ్ళలో, వేయించుకోనివాళ్ళలో దీర్ఘకాలం నడుం నొప్పి ఒకేలా ఉందని అధ్యయనాలు చెబుతున్నాయి. బిడ్డను ఎత్తుకుని, వంగి పని చేసే నడుముకు కారణాలు వేరే చాలా ఉన్నాయి.

మత్తు ఇచ్చే ముందు డాక్టరు 'బొటనవేలు పైకి లేపమ్మా, పాదం తిప్పమ్మా' అని అడిగి కాగితం మీద రాసుకోవడం కొందరికి తంతులా అనిపిస్తుంది. ఆపరేషన్‌లో రక్తం ఆపడానికి తొడకు బిగించే పట్టీ రెండు గంటలు దాటితే అదే నరాన్ని ఆపగలదు. సూది ఆపగలదు. కాలు విరిగినప్పుడు తగిలిన దెబ్బ ఆపి ఉండొచ్చు. షుగరు ముందే సగం ఆపి ఉండొచ్చు. రెండు రోజుల తర్వాత పాదం లేవకపోతే ఆ దెబ్బ ముందే ఉన్నదో, తర్వాత వచ్చిందో చెప్పగలిగేది మత్తుకు ముందు రాసిన ఆ ఒక్క వాక్యమే. ఈఎంజీ జవాబు చెప్పడానికి ఇంకా దాదాపు మూడు వారాలుంది.